చెట్టుకి ఆనించిన గొడ్డలి

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పటినుంచీ నవ్వే. చెట్లు కోసేవాణ్ని, అలాంటి భయాలుంటే తోటల్లో పనెలా చేస్తాను?

మాది పూండి దగ్గర ఊరు. తాత కాలంలో ఇద్దరు లాగే రంపంతో పనసలు కోసి ఇళ్లకు దూలాలు తీసేవారు. నాన్న జీడితోటల్లో ముసలి చెట్లు కొట్టేవాడు. తుఫానుకి కొబ్బరి తోటలన్నీ నేలకొరిగాక మా ఇంటికి రంపం మిషను వచ్చింది. ఇప్పుడు మా అక్క మొగుడూ నేనూ కలిసి పనికి వెళతాం.

నాన్న పోయినా ఆయన పద్ధతి ఒకటి ఉండిపోయింది. కోసే ముందు గొడ్డలిని చెట్టుకి ఆనించి, పక్కకి పోయి చద్దన్నం తింటాం. వచ్చేసరికి నిలబడి ఉంటే కోస్తాం. పడిపోతే ఆ రోజుకి ఆ చెట్టు జోలికి పోం. నమ్మి కాదు, అలవాటుకొద్దీ చేసేవాణ్ని.

పోయిన వేసవిలో ఒక తోటలో, తుఫానుకి తూర్పుగా వాలిపోయిన పెద్ద పనసని కొయ్యమన్నారు. గొడ్డలి ఆనించాను. తిని వచ్చేసరికి పడి ఉంది. ఆకు కదిలే గాలి కూడా లేదు. ఈసారి వేర్ల సందులో గట్టిగా ఇరికించాను. మేం చూస్తుండగానే పడింది.

బావ నవ్వాడు. "ఏట్రా, నీ గొడ్డలికి నీర్సమొచ్చినట్టుంది. కాసింత గంజెట్టు."

మిషను తీసుకుని పడమటి వైపు నిలబడ్డాడు. చెట్టు తూర్పుకి వాలితే మనిషి ఇటే కదా నిలబడేది. ఇంట్లో అక్కకి నెలలు నిండాయి. నాకు ఒళ్లు మండింది. గొడ్డలిని చెట్టు మొదట్లోనే వదిలేసి, "నువ్వు కోత్తే కొయ్యి, నాను ఎల్లిపోతన్నాను" అని తోట బయట పెట్టిన మా ఆటో దగ్గరికి నడిచాను. బావ మిషను అక్కడే పెట్టి, తిట్టుకుంటూ నా వెనకే వచ్చాడు.

మేం ఆటో దగ్గరికి చేరకముందే వెనక పెద్ద చప్పుడైంది. పనస పడమటికి పడింది, సరిగ్గా బావ నిలబడిన చోట. మిషను మాను కింద నుజ్జయిపోయింది.

లోపల వేర్లు కుళ్లి కదిలాయి, అందుకే గొడ్డలి పడిందంటారు. ఒప్పుకుంటాను. కానీ చెట్టు మొదట్లో వదిలేసిన ఆ గొడ్డలి, మేం వెళ్లేసరికి ఆటో వెనక సీటు మీద, మంచినీళ్ల డబ్బా పక్కన ఉంది. మేమిద్దరం ఖాళీ చేతులతో వచ్చాం. తోటలో మూడో మనిషి లేడు.

అక్కకి ఆడపిల్ల పుట్టింది. "ఆ గొడ్డల్ని ఎవలు తెచ్చేరో తెలిత్తే ఆల కాళ్లు మొక్కుదునురా" అంటుంది ఇప్పటికీ. నాకూ తెలీదు. బావ ఆ పిల్లని ఎత్తుకున్నప్పుడల్లా నాకు కళ్లనీళ్లు తిరుగుతాయి. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలీక, గొడ్డలికే పెడుతున్నాను.