ధర్మవరానికి చీరల పని మీద

మా ఇళ్లలో ఒక ఆచారముంది. ఎవరూ నేర్పరు గానీ అందరూ పాటిస్తారు. బయటికి చెప్పుకోలేని జబ్బు వస్తే సొంతూరి డాక్టరు దగ్గరికి పోకూడదు. హిందూపురం వాళ్లు పెనుకొండకో ధర్మవరానికో పోవాలి, ధర్మవరం వాళ్లు హిందూపురం రావాలి. మొలలున్న మా మామ కూడా రైల్లోనే పోయేవాడు, పాపం, సీటు దొరికినా నిలబడి.

మా చిన్నమ్మ కూతురు డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉంది. పద్దెనిమిది నిండాయి, పెళ్లి కాలేదు. ఒకరోజు మా మిద్దె మీద నాతోపాటు బట్టలు ఆరేస్తూ, నెల తప్పిందని చెప్పింది. ఆ అబ్బాయి ఫోన్ ఎత్తడం మానేశాడట. ఇందులో అతని సంగతి ఇంతే. అతను పడిన కష్టమూ ఇంతే.

"నాకొద్దక్కా," అంది. "బాగా ఆలోచన చేసినా. ఇప్పుడు నాకు బిడ్డ వద్దు. ఇంట్లో తెలిస్తే కాలేజీ మాన్పించి, వాడికే ఇచ్చి పెండ్లి చేస్తారు."

చెప్పి, తువ్వాలుకు క్లిప్పు పెట్టింది. మా ఇంట్లో ఫ్రిజ్ కొనడానికి కూడా ఎవరూ ఇంత స్పష్టంగా ఆలోచించలేదు. ఇక మిగిలింది డాక్టరును కలవడమే అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, చట్టం కూడా చూశాను. పద్దెనిమిది నిండితే ఆమె సంతకం ఒక్కటే చాలు.

పెనుకొండ నర్సింగ్ హోమ్‌లో డాక్టరమ్మ పిల్లను వదిలేసి నాతో మాట్లాడింది.

"వాళ్లమ్మనో నాయననో పిల్చుకోని రాండి."

"దీనికి పద్దెనిమిది నిండినాయి మేడం. చట్టం ప్రకారం..."

"చట్టం నాకూ తెలుసు తల్లీ. రేపు వాళ్ల నాయన నలుగుర్ని ఏసుకోనొచ్చి ఈడ కూచుంటే, మీ చట్టమొచ్చి నా పక్కన కూచుంటాదా?"

కూచోదు. ఒప్పుకుని బయటికొచ్చాను.

అదే ఊళ్లో ఇంకో డాక్టరు, వారం పాటు బాగా ఆలోచించుకుని రమ్మన్నాడు. పిల్ల ఆలోచించుకునే వచ్చిందని చెబితే, ఇంకా ఆలోచించమన్నాడు. వారం తర్వాత పోతే ఆయన సెలవులో ఉన్నాడు. ఈలోగా సెమిస్టర్ పరీక్షలొచ్చాయి. వాంతులు చేసుకుంటూనే రాసింది. గ్యాస్ అనుకుని మా చిన్నమ్మ రోజూ వాము నీళ్లు తాగించింది.

చివరికి ధర్మవరం. చీరల పని మీద పోతున్నామని ఇంట్లో చెప్పాం. హిందూపురం ఆడవాళ్లు ధర్మవరం పోవడానికి ఇంకో కారణం వెతుక్కోరు. అక్కడే దెబ్బ తిన్నాం. ఆసుపత్రి వరండాలో, బెంచీ మీద, పిల్లకు సొంత మేనత్త కూర్చుని ఉంది.

"ఏమ్మే, మీరీడ?"

"చీరలకొచ్చినామత్తా," అన్నాను.

"నేనూ చీరలకే."

ముగ్గురం స్కానింగ్ గది తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం.

"గర్భసంచి తీసేయాలంటాండారు," అంది అత్త కాసేపటికి, గోడతో చెప్పినట్టు. "మీ మామకు చెప్పలే. మీరు నన్ను చూడలే."

"నాకు నెల తప్పిందత్తా," అంది పిల్ల. "నాకొద్దని వచ్చినా. నువ్వూ నన్ను చూడలే."

అత్త గోడను వదిలి పిల్ల వైపు తిరిగింది. "మీ నాయనకు తెలిస్తే..." అని మొదలుపెట్టి, ఆ మాట అక్కడే ఆపేసింది.

లోపల డాక్టరమ్మ స్కానింగ్ రిపోర్టు చూసి, మాత్రలతో పోయే కాలం దాటిపోయిందని, ఆసుపత్రిలో ఒక రోజంతా ఉండాల్సి వస్తుందని చెప్పింది.

"ముందే రావాల్సింది కదమ్మా."

"ముందే బయల్దేరినా మేడం," అంది పిల్ల. "పెనుకొండలో ఆపినారు."

"పెద్దోళ్లెవరన్నా వచ్చినారా?"

నేను మళ్లీ చట్టం ఎత్తుకోబోయాను. అంతలో అత్త తలుపు సందులోంచి తల లోపలికి పెట్టి, "నేనుండా మేడం, మేనత్తను," అంది. డాక్టరమ్మ ఆ నెరిసిన తలను చూసింది, మెళ్లో తాళిబొట్టు చూసింది. పేరు కూడా అడగలేదు.

"సరే, ఎల్లుండి పొద్దున్నే ఏమీ తినకుండా రాండి."

చెప్పిన రోజుకు, మళ్లీ చీరల పని మీదే పోయాం. పని అయింది. పిల్ల నీరసంగా ఉన్నా బాగానే ఉంది. తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నప్పుడు, అత్త లేకుంటే ఏమయ్యేదో అన్నాను.

"అత్త ఏం చేసిందక్కా? తలుపులోంచి తల పెట్టింది," అంది పిల్ల. "మంచిదే, కాదనను. కానీ నేను ఇన్ని దినాలు నోరు తెరిచి చెప్తానే ఉండా. నా ఒళ్లు, నా చదువు. ఒక్కరన్నా నా మొగం చూసి అడిగినారా, నీకేం కావాలని?"

నేను లేచి, రైలొస్తోందా అని పట్టాల వైపు చూశాను. రైలన్నా ఆలస్యమైతే దాన్ని తిట్టుకునేవాళ్లం. అది కూడా టైముకే వచ్చింది.