ఆంధ్రా ఆంటీ బైంగన్

ఆర్.కె. పురంలో మా క్వార్టర్ వెనక ఉన్న చిన్న మడి రెండేళ్ళుగా ఎండిపోయి ఉంది. రాజస్థాన్ ఎడారి మీదుగా వచ్చే వడగాలికి తట్టుకునే కూరగాయ ఏదైనా వేద్దామని, ఈ ఉదయం పక్క బ్లాకులోకి కొత్తగా వచ్చిన పంజాబీ ఆవిడను సలహా అడిగాను. వచ్చిన కొద్ది నెలలకే ఆవిడ పెరడు పచ్చగా ఉంది.

“టమాటర్ వద్దు భాయ్‌సాబ్, మాడిపోతుంది. ఇది పెట్టండి, ఆంధ్రా ఆంటీ బైంగన్,” అంటూ వంగ నారు పీకి ఇచ్చింది.

పక్క మొక్కకున్న కాయ చూశాను. ఊదా మీద తెల్ల చారలు, తొడిమకు ముళ్ళు. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చిన గుత్తి వంకాయ. ఆ విత్తనం ఆవిడతోనే పోయిందనుకున్నాను.

“ఆ ఆంటీని నేను చూడలేదు. ఆవిడ పంచిన విత్తనమే కాలనీ అంతా తిరుగుతోంది. నీళ్ళు మాత్రం తక్కువ పోయండి. మగవాళ్ళ చేతికి మగ్గు ఇవ్వొద్దనేదట. వాళ్ళాయన పోసి పోసి మొక్కల్ని చంపేసేవాడట!” అని పకపకా నవ్వింది. “మీ వైపు ఆవిడే కదా, మీకు తెలుసా?”

“కొద్దిగా తెలుసు,” అన్నాను.

“అచ్ఛా!” అని ఇంకో రెండు మొక్కలు చేతిలో పెట్టింది.

ఇల్లు చేరేదాకా నాకు నవ్వు ఆగలేదు. సాయంత్రం నారు నాటేశాను. నాటిన రోజునైనా నీళ్ళు పోయాలి కదా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. మగ్గు చేతిలోనే ఉంది.