రంగు తేలని కారు

ఈ రోజు తగరపువలసలో మంచం పట్టిన మా అక్కను చూడాలని మధ్యాహ్నమే చీర మార్చుకుని కూర్చున్నాను. తన పాత కారులో తీసుకెళ్తానన్న అల్లుడు, పక్కింటివాళ్లు కొన్న కొత్త చిన్న కారు చూసి మా అబ్బాయితో వాదనలో పడ్డాడు.

“ఇది కారేటి బావా, సబ్బుపెట్టె! ముందు ముక్కేదీ?” అన్నాడు అల్లుడు.

“నీ కారుకి ముక్కుంది గానీ సింహాచలం కొండెక్కితే ఊపిరాడదు. మన జీతాలకి ఇదే సరిపోద్ది బావా, తెల్లది కొందాం,” అన్నాడు మా అబ్బాయి.

“మన వన్ టౌన్‌లో తెల్లదా? పోర్టు నుంచి ఎగిరొచ్చే ఇనప దుమ్ముకి వారం తిరక్కుండా ఎర్ర కారైపోద్ది!”

గుమ్మంలోంచి అక్క సంగతి గుర్తు చేశాను. “ఉండమ్మా, రంగు తేలనీ,” అన్నాడు అబ్బాయి.

తేలేలా లేదని బస్సెక్కాను. అక్కకు నాలుగు ముద్దలు తినిపించి, చీకటి పడ్డాక ఇల్లు చేరేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు.

“అత్తయ్యా, మీరే సెప్పండి, ఏ బండి బాగుంటాది?” అన్నాడు అల్లుడు.

“బస్సు,” అన్నాను.

“దాన్లో అందమేటుంది అత్తయ్యా?”

“అందం లేదు నాయనా. బయల్దేరింది.”

కాళ్లు పీకుతున్నాయి. మీ ఇళ్లలో రంగు తేలిందో లేదో, తేలేలోపు మీరెలా వెళ్లొచ్చారో రాయండి.