మన కారుకి ఊపిరాడని మూడు నెలలు

హాసినీ, చరణ్, మీ ఇద్దరికీ ఇప్పటిదాకా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఇక్కడ కైకలూరులో చేపల మేత కొట్టు దగ్గర కూర్చునే ప్రతివాళ్లకీ తెలుసు, పుణెలో మీతో ఉన్న మీ అమ్మకీ తెలుసు. మీ ఇద్దరికే తెలియదు. పోయిన నెల హాసిని ఈత పోటీకి నేను రాలేదు కదా. రైలు రద్దయిందని ఫోన్లో చెప్పాను కదా. రైలు రద్దవలేదు. టైముకే వచ్చింది, టైముకే వెళ్లింది. నేనే ఎక్కలేదు.

అంతా మన కారు వల్ల. అప్పటికి మూడు నెలలుగా దానికి కొత్త జబ్బు. యాక్సిలరేటర్ తొక్కితే ఏమీ జరగదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంతసేపు ఆలోచించుకుని అప్పుడు ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. చేపల లారీని ఓవర్‌టేక్ చేద్దామని పక్కకి వెళితే, దానికి తోడొచ్చినవాడిలా పక్కనే ఉండిపోయేవాణ్ణి. ఒకసారి లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఏవండీ, వెళ్తారా, కబుర్లేమైనా చెప్పాలా?" అని అడిగాడు.

నా సంగతి మీకు తెలుసు. ప్రతి ఆదివారం టైర్లలో గాలి చూస్తాను. ఆయిల్ మార్చిన తేదీ పుస్తకంలో రాసుకుంటాను. అలాంటి నా కారుకి జబ్బేమిటి?

మేత కొట్టు సత్యంగారు తేల్చేశారు. "అది టర్బో ల్యాగండీ. డీజిల్ కారన్నాక ఉంటుందండీ."

"కొన్నప్పుడు లేదండీ."

"కొత్తలో ఎవరికీ ఉండదండీ. పెళ్లైన కొత్తలో మేడంగారు పిలిస్తే మీరు మాత్రం వెంటనే పలికేవారు కాదూ?"

ఆయనతో లాభం లేదని తాడేపల్లిగూడెం తీసుకెళ్లాను. అక్కడ సుబ్బారావుగారని మంచి మెకానిక్. టర్బో అంటే ఇంజన్లోకి గాలిని బలంగా తోసే చిన్న ఫ్యానేనట. అది పుంజుకోవడానికి పట్టే ఆలస్యమే ల్యాగ్. స్కానర్ పెట్టి చూశారు, ఏమీ చూపించలేదు. గాలి ఎక్కడైనా లీకవుతోందేమోనని పైపులకి సబ్బునీళ్లు రాశారు, ఒక్క బుడగ రాలేదు. డీజిల్ ఫిల్టరు మార్చారు, మార్పు లేదు. చివరికి ఎయిర్ ఫిల్టరు బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదెప్పుడు మార్చారండీ?"

"ఏడాదైందండీ."

"కొల్లేరు గట్ల మీద తిరిగే కారుకి ఇంత తెల్లటి ఫిల్టరు నేనెప్పుడూ చూడలేదండీ."

"జాగ్రత్తగా వాడతానండీ," అన్నాను. గర్వంగానే అన్నాను.

ఆయనకి మాత్రం ఏదో నచ్చలేదు. "అయితే టర్బోయే విప్పాలండీ. రెండు రోజులు బండి వదిలెయ్యండి," అన్నారు. మర్నాడే మీ దగ్గరికి ప్రయాణం. వచ్చాక తెస్తానని చెప్పి వచ్చేశాను.

పదకొండింటికి ఏలూరులో రైలు. గంటన్నర దారి. నేను ఎనిమిదింటికే బయల్దేరాను. పక్క సీట్లో హాసినికి కొన్న ఈత కళ్లజోడు. దారి పొడుగునా కారు మూలుగుతూనే ఉంది. కొల్లేరు మీద వంతెన ఎక్కుతుంటే సగంలో ఇక నావల్ల కాదంది. నల్లగా పొగ వదిలి ఆగిపోయింది. గంట కుస్తీ పట్టినా కదల్లేదు.

అప్పుడు వెనక ఒక వ్యాను వచ్చి ఆగింది. దాన్నిండా చేపపిల్లల డ్రమ్ములు. డ్రైవరు దిగి వచ్చాడు.

"కాస్త తియ్యండీ, ఎండెక్కితే నా పిల్లలు చచ్చిపోతాయండీ."

"అక్కడ నా పిల్ల కూడా ఎదురుచూస్తోందండీ. కదలడం లేదు, ఏం చెయ్యను?"

అతనే బానెట్ ఎత్తాడు. గాలి లోపలికి వెళ్లే గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ మూతిదాకా వెళ్లి ఆగాడు. కాసేపు వంగి చూశాడు.

"ఇదేంటండీ, తూముకి కట్టే వల ఇక్కడుంది?"

చెరువులోకి నీళ్లు పెట్టేటప్పుడు పిచ్చి చేపలు రాకుండా తూము మూతికి మనం సన్నటి వల కడతాం కదా. అదే. దుమ్మూ పురుగులూ పట్టి గోనెపట్టాలా అయిపోయింది.

"ఎవరు కట్టారండీ?"

మెకానిక్ కట్టి ఉంటాడని నోటిదాకా వచ్చింది. ముడి చూశాను. మన చెరువు దగ్గర నేను వేసే ముడి. పోయినేడు వానాకాలంలో ఫిల్టరు నిండా పురుగులు కనిపిస్తే, రెండు మడతలు పెట్టి నేనే కట్టాను. కట్టి మర్చిపోయాను. తర్వాత నెలనెలా ఫిల్టరు తీసి, తెల్లగా ఉందని మురిసిపోయి మూసేశాను.

"నేనేనండీ," అన్నాను.

"చెరువు దగ్గరది ఎన్నాళ్లకోసారి ఉతుకుతారండీ?"

"రెండు రోజులకోసారి. లేకపోతే నీళ్లు రావు కదండీ."

అతను నన్ను చూశాడు. వ్యానులోంచి కత్తి తెచ్చి నా చేతికిచ్చాడు. తిట్టి ఇచ్చినా బాగుండేది.

వల కోసేసరికి తొమ్మిదీ ముప్పావు. ఏలూరు ఇంకా పాతిక కిలోమీటర్లు. కావలసినంత టైముంది. స్టార్ట్ చేసి, మూడు నెలల అలవాటుకొద్దీ గట్టిగా తొక్కాను. కారు ఎగిరిందర్రా. వంతెన రెయిలింగుకి జానెడు దూరంలో ఆగింది. ఆ తర్వాత నా కాలు పెడల్ మీద ఆనితే ఒట్టు. ఇరవై స్పీడు దాటించలేదు. వంతెన దిగాక చేపపిల్లల వ్యాను నన్ను దాటిపోతూ, "ఇప్పుడేమైందండీ?" అని అరిచింది.

"అలవాటవ్వాలండీ," అన్నాను.

ప్లాట్‌ఫాం మీదకి వెళ్లేసరికి వెళ్లిపోతున్న రైలు ఆఖరి పెట్టె కనిపించింది. అప్పుడే హాసిని ఫోను, "నాన్నా, ఎక్కావా?" అని. దారిలో ఫోను మాట్లాడొద్దు, అబద్ధం చెప్పొద్దు అని మీకు రోజూ చెప్పే నేను, రైలు రద్దయిందన్నాను.

అక్కడితో పోయేదే. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, చరణ్ బళ్లో స్టేషన్ మాస్టరుగారికి ఫిర్యాదు ఉత్తరం రాశాడనీ, టీచరుగారికి అదెంతో నచ్చి నిజంగానే పోస్టు చేద్దామన్నారనీ చెప్పింది. చదివి వినిపించింది కూడా. "మీ నిర్లక్ష్యం వల్ల మా అక్క ఈత కొట్టేముందు గేటు వైపు మూడుసార్లు చూసింది" అని రాశావటరా.

చరణ్, ఆ ఉత్తరం పోస్టు చెయ్యకు. జరిగింది జరిగినట్టు టీచరుగారికి చెప్పు, క్లాసులో అందరికీ చెప్పు. హాసినీ, నువ్వు కూడా నీ ఈత జట్టుకి చెప్పమ్మా. ఉత్తరం చింపక్కర్లేదు. పైన స్టేషన్ మాస్టరుగారి పేరు కొట్టేసి నా పేరు రాస్తే సరిపోతుంది. మిగతాదాంట్లో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు.