వెనకగది కుర్రాడు

వీధిలో అందరూ అతన్ని చిటపట అనేవారు. మాట పడే రకం కాదు. లారీ టైర్ల షాపులో మేస్త్రీ మీద చేయి చేసుకుని ఉన్న పని పోగొట్టుకున్నాడు. ఆ పని సరిహద్దు దాటి వచ్చిన ఓ కుర్రాడికి దక్కింది. భాష వేరు, దేవుడు వేరు అని ఎవరూ వాడికి గది ఇవ్వలేదు. చివరికి చిటపట అమ్మే పిలిచి వెనకగది ఇచ్చింది.

ముందుగదిలో ఆమె బట్టలు ఇస్త్రీ చేసేది. సాయంత్రం కుర్రాడు వచ్చి మడతలు పెట్టేవాడు. వాడు వచ్చీరాని మాటల్లో ఏదో అంటే ఆమె పడీపడీ నవ్వేది. కడుపున పుట్టినవాడు ఆమెను అలా నవ్వించి ఎన్నాళ్లయిందో! చిటపటకి ఒళ్లు మండిపోయేది. చనిపోయిన నాన్న స్వెటర్ తీసి వాడికిచ్చిన రోజు, అది తనకెలాగూ పట్టదని తెలిసీ అన్నం ముట్టలేదు.

ఇంతలో చెక్‌పోస్టు దగ్గర రెండు వర్గాల కుర్రాళ్లు కొట్టుకుని ఇవతలివాడొకడు చచ్చిపోయాడు. మర్నాడు చిటపట స్నేహితులే ఇనుపకడ్డీలతో గుమ్మంలోకొచ్చారు. అమ్మ బట్టలివ్వడానికి వెళ్లింది.

"అవతలివాడు లోపలున్నాడా?"

ఉన్నాడంటే చాలు, పీడ విరగడైపోతుంది. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ కడ్డీలు చూశాక అలా అనడానికి నోరు రాలేదు. తిట్టుకోవడం వేరు, తల పగలగొట్టించడం వేరు.

"లేడు," అన్నాడు.

వాళ్లు నమ్మలేదు. గుమ్మానికి అడ్డం నిలబడితే దెబ్బ అతని నెత్తిన పడింది. సొంతవాడి నెత్తురు చూసి బెదిరి పారిపోయారు. కుర్రాడు బయటికొచ్చి అతన్ని వీపున వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

అమ్మ వచ్చింది. వస్తూనే కుర్రాడి చెంపలు తడిమి, "నీకేం కాలేదు కదా నాయనా?" అంది.

"కుట్లు పడింది నాకమ్మా," అన్నాడు చిటపట.

ఆమె మంచం మీద కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు అరిస్తే వీధంతా వస్తుందిరా. వాడు అరిస్తే ఎవరొస్తారు?"

పోలీసులడిగితే చిటపట స్నేహితుల పేర్లు చెప్పేశాడు. వాళ్ల తల్లులు ఇస్త్రీకి బట్టలు పంపడం మానేశారు. దాంతో అతను మార్కెట్లో మూటలు దించే పనిలో చేరాడు. కుర్రాడు ఆ వెనకగదిలోనే ఉన్నాడు. భోజనానికి అమ్మ ముందు వాణ్ణే పిలుస్తుంది. అది మాత్రం చిటపటకి ఈనాటికీ మింగుడుపడదు.