మచ్చ లేని సుదర్శనం

ఆ రోజుల్లో నేను చాలా తెలివైనవాణ్ణని నాకు గట్టి నమ్మకం ఉండేది. డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క, నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్లే దారిలో ఒక మామిడికాయల షెడ్డులో లారీ చిట్టీలు రాసేవాడికి అంత నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడక్కండి. అదీ లేకపోతే ఆ వయసు గడవదు. లారీ కదిలేముందు డ్రైవరు చేతికిచ్చే చిట్టీలో అది బంగినపల్లో రసాలో రాసి, అడుగున ఎప్పుడూ ఒకే మాట రాసేవాణ్ణి: "సరుకు మచ్చ లేనిది. కుదుపు లేకుండా దించుకోగలరు." నిద్రలో లేపి కలం చేతికిచ్చినా అదే రాసేవాణ్ణేమో. (నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఓనరు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నా చదువుకు దక్కిన గౌరవం మొత్తం అంతే.)

ఆ షెడ్డులో కాయలు ఏరే ఆడవాళ్లకు మా పెద్దత్త, అంటే మా నాన్న అక్క, నాయకురాలు. కాయను చేత్తో తిప్పకుండానే అవతలివైపు మచ్చ ఉందో లేదో చెప్పగలదు. వీళ్లందరి ప్రాణం పదకొండేళ్లుగా టీవీలో నడుస్తున్న ఒక క్రైం సీరియల్లో ఉండేది. అందులో సుదర్శనం అనే అమాయకపు డ్రైవరు తాను చెయ్యని హత్యకు ఎనిమిదేళ్లుగా జైల్లో మగ్గుతున్నాడు. అసలు హంతకుడెవరో సీరియల్లోని ఇన్‌స్పెక్టరుకు తప్ప మా షెడ్డులో అందరికీ తెలుసు. పాపం, ఆయన నోరు తెరవబోయినప్పుడల్లా సబ్బు ప్రకటన వచ్చేది.

నిండు సీజన్లో ఒక శుక్రవారం ఆ సీరియల్ని ఆపేశారు. హంతకుణ్ణి పట్టుకోలేదు, సుదర్శనాన్ని విడిపించలేదు. "ఇన్నాళ్లూ ఆదరించినందుకు కృతజ్ఞతలు" అని ఒక ముక్క తెరమీద పాకించి, సోమవారం నుంచి పిల్లల పాటల పోటీ మొదలుపెట్టారు. పదకొండేళ్లు జనాన్ని కూర్చోబెట్టి సబ్బులమ్ముకున్నవాళ్లకు ఒక తలుపు తాళం తియ్యడానికి తీరిక లేకపోయింది. ఇక అభిమానులు ఊరుకుంటారా? 'సుదర్శనానికి న్యాయం' అని వాట్సాప్ గ్రూపు పెట్టారు. బస్టాండు దగ్గర టెంటు వేసి నిరాహార దీక్షకు కూర్చున్నారు (ఉదయం టిఫిన్ అయ్యాక మొదలై మధ్యాహ్నం భోజనానికి ముందు ముగిసేది). రిమోట్లు తగలబెడతామని ప్రకటించి, తీరా ఆ వేళకు మనసొప్పక బ్యాటరీలు మాత్రం తీసి నిరసన తెలిపారు. మైలవరం అభిమానులు మద్దతుగా వచ్చారు గానీ, హంతకుడు డాక్టరని వాళ్లు, కాదు తోడల్లుడని మనవాళ్లు, టెంటులోనే పోట్లాడుకుని విడిపోయారు. ఇదంతా కథేననీ, అసలు హత్యే జరగలేదనీ ఎవరికీ గుర్తు లేదు. నేను రోజూ ఒక పూట వెళ్లి, వెనకాల నిలబడి నవ్వుకుని వచ్చేవాణ్ణి.

పెద్దత్త మాత్రం టెంటు వైపు వెళ్లలేదు. అన్నం సరిగా తినడం లేదు, మాట్లాడటం లేదు. మూడోరోజు నన్ను పక్కకు పిలిచి, "వాడింకెప్పుడు బయటికొస్తాడ్రా?" అని అడిగింది. నేను పగలబడి నవ్వి, ఎవరూ జైల్లో లేరనీ, ఆ నటుడు ఈపాటికి ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతుంటాడనీ చెప్పాను.

"కాఫీ తాగేవాడి సంగతి నేనడగలేదురా. జైల్లో ఉన్నవాడి సంగతి అడిగాను" అంది.

ఈలోగా అత్త చేతిమీదుగా మచ్చకాయలు మంచి ట్రేల్లోకి వెళ్లిపోయి, ఒక లోడు వెనక్కొచ్చింది. మా ఓనరును షెడ్డులో అందరూ కంగారు బాబాయి అనేవారు, ఆయన ఆ రోజు ఆ పేరు నిలబెట్టుకున్నాడు. రసాలు రెండురోజులు ఆగవు, అత్త చెయ్యి కుదురుగా లేకపోతే షెడ్డు పేరే పోతుంది. నా దగ్గరకొచ్చి, "ఏవయ్యా, రాత బాగుంటదిగా నీది, వాణ్ణేదో నువ్వే విడుదల చేసెయ్" అన్నాడు.

చేసేశాను. టీవీవాళ్లు అభిమానులకు రాసినట్టుగా, కోర్టు సుదర్శనాన్ని నిర్దోషిగా తేల్చిందనీ, అతను క్షేమంగా ఇల్లు చేరాడనీ, సమయం చాలక అదంతా చూపించలేకపోయామనీ ఒక ఉత్తరం అల్లి, చేతిరాత పట్టేస్తారని డీటీపీ షాపులో కొట్టించాను. అత్త దాన్ని షెడ్డు మధ్యలో నిలబడి కూడబలుక్కుంటూ పైకి చదివింది. చివరి వరస దగ్గర ఆగి, దాన్ని పైకి చదవకుండానే మడిచి రవికలో పెట్టుకుని, "పదండే, కాయ చూడండి" అంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, వెళ్లాక తెలిసింది అసలు సంగతి. ఎనిమిదేళ్లుగా అత్త ప్రతివారం ప్రార్థన మనవిలో సుదర్శనం పేరు ఇస్తోంది. మా పాస్టరు అయ్యగారు అతను మా బంధువనుకుని, "చెరలో ఉన్న సహోదరుడు" అంటూ పేరు పెట్టి ప్రార్థిస్తున్నారు. (నేను వెనక వరసలో కునికిపాట్లు పడుతుండటంవల్ల ఏనాడూ వినలేదు.) ఆ రోజు అత్త లేచి, సుదర్శనం విడుదలయ్యాడని సాక్ష్యం చెప్పింది. గుడంతా చప్పట్లు. అయ్యగారు కళ్లు తుడుచుకుని, వచ్చే ఆదివారం ఆ సహోదరుణ్ణి తీసుకురమ్మనీ, అందరం కలిసి భోంచేద్దామనీ అన్నారు. నేను గుమ్మం వైపు చూశాను. అత్త తొణకలేదు.

"ఎనిమిదేళ్లు కదండీ అయ్యగారూ, మనుషుల్లోకి రావడానికి టైం పడుద్దండీ. ఈలోగా మా మేనల్లుణ్ణి తీసుకొస్తానండీ, వీడూ సరిగ్గా రాడు."

బయటికొచ్చాక బైబిల్లోంచి ఆ ఉత్తరం తీసి, అడుగు వరస మీద వేలు పెట్టి చూపించింది. అలవాటు కొద్దీ రాసేసి, నేను మళ్లీ చూసుకోని వరస అది. "సరుకు మచ్చ లేనిది. కుదుపు లేకుండా దించుకోగలరు."

"పైనంతా అబద్ధవేరా. ఈ ఒక్క ముక్క నిజం. వాడు మచ్చ లేనోడే" అంది. నాకు సిగ్గేసింది, ఎందుకో ఏడుపూ వచ్చింది.

పోయిన నెల, నేను ఫోన్లో మూడేళ్లుగా చూస్తున్న క్రైం సిరీస్‌ని మధ్యలో ఆపేశారు. అందులో ఒక పిల్లని గదిలో పెట్టి తాళం వేశారు, ఇంకా తియ్యలేదు. టెంటు చూసి నవ్విన ఆ తెలివైన కుర్రాడు, ఇప్పుడు జుట్టు పలచబడిన నేను, కామెంట్లలో పేజీన్నర తిట్లు రాశాను. అయినా చల్లారక అత్తకు ఫోన్ చేసి చెప్పుకున్నాను. అంతా విని, "పేరేంట్రా?" అంది.

"సిరీస్ పేరా?"

"గదిలో ఉన్న పిల్ల పేరు. ఆదివారం అయ్యగారికి చెప్పాలిగా."

నవ్వబోయి ఆగాను. పేరు చెప్పాను, అత్త సరిగ్గా రాసుకుందో లేదోనని రెండుసార్లు చెప్పాను.