రెండు బడుల జట్టు

పోయిన వారం పొద్దున టీ తాగుతూ కూర్చున్నప్పుడు మా కోడలు ఫోను తెచ్చి నా చేతికిచ్చి, "అత్తమ్మా, మీ బడి పిల్లలట, చూడుండ్రి" అంది. భివండి మునిసిపాలిటీ బడుల వార్తలవి. ఎవరో పిల్లవాడికి స్కాలర్‌షిప్ పరీక్షలో మంచి మార్కులు వచ్చాయట, ఒక పాప గీసిన బొమ్మ ఎక్కడో ప్రదర్శనకు ఎంపికైందట, వాటి కింద జిల్లా ఖోఖో పోటీల్లో గెలిచిన ఆడపిల్లల ఫోటో. అందరికీ ఒకే రంగు టీషర్టులు, ఒకే రకం బూట్లు, మెడల్లో పతకాలు. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఒక్క మొహమూ తెలిసింది కాదు, తెలియడానికి వాళ్ళ అమ్మమ్మలది కదా నా వయసు! కాని ఫోటో కింద మరాఠీలో రాసిన పేర్లు చదువుకుంటూ పోతే మన తెలుగిళ్ళ పేర్లు, ముస్లింల పేర్లు, మరాఠీ వాళ్ళవి, ఉత్తరాది వాళ్ళవి అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఆ వరస చూసి నాకు నవ్వాగలేదు. "ఏందత్తమ్మా, గంత నవ్వుతున్నరు?" అని అడిగింది కోడలు. చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి, ఆమెకేమో పిల్లల డబ్బాలు కట్టే పని ఉంది. అందుకే మీకు చెబుతున్నాను. మీలో చాలామందిది నా ఈడే, తీరిక కూడా ఉండే ఉంటుంది.

మా బాపు కరీంనగర్ వైపు నుంచి బతుకుతెరువు కోసం ముంబయి దగ్గరున్న భివండికి వచ్చి ఒక సేటు కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అనే అంటారు. వరాలా తలావ్ చెరువుకు దగ్గరలో వరస గదుల చాల్ ఒకదానిలో మాదొక్క గది, అందులో బాపు, అమ్మ, నాయినమ్మ, నేను, ఇద్దరు తమ్ముళ్ళు. చుట్టూ కార్ఖానాలే కాబట్టి ఆ టకటక మధ్య మాట వినబడాలంటే గట్టిగా అరవాల్సిందే. ఇప్పటికీ నేను ఫోనులో మాట్లాడితే అవతలివాళ్ళు నాకు కోపమొచ్చిందనుకుంటారు.

నేను చదివింది మునిసిపాలిటీ తెలుగు బడిలో. ఒకే భవనంలో పొద్దుటిపూట మా తెలుగు బడి, మధ్యాహ్నం నుంచి ఉర్దూ బడి నడిచేవి. మేము లేచిన బల్లల మీదనే వాళ్ళొచ్చి కూర్చునేవాళ్ళు. నల్లబల్ల మీద సగం తుడిచిన, కుడి నుంచి ఎడమకు పోయే అక్షరాలుగానే వాళ్ళు మాకు తెలుసు. మా గుండ్రటి అక్షరాలుగానే మేమూ వాళ్ళకు తెలిసి ఉంటాం. గేటు దగ్గర మేము బయటికి వచ్చే వరస, వాళ్ళు లోపలికి పోయే వరస పక్కపక్కనే నడిచేవి గాని ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. ఊళ్ళో అప్పుడప్పుడు గొడవలు జరిగి కార్ఖానాలు మూతపడే రోజులవి. బడి నుంచి దారిలో ఎక్కడా ఆగకుండా ఇల్లు చేరాలని రెండు వైపుల పెద్దలూ పిల్లలకు నూరిపోసేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా బడికి ఆటలు నేర్పడానికి కొత్త టీచరమ్మ వచ్చింది. మరాఠీ ఆమె. అక్కడి అలవాటు ప్రకారం బాయి అని పిలిచేవాళ్ళం. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మెడలో ఈల వేసుకుని పిల్లలకంటే ముందు తనే పరుగెత్తేది. జిల్లా పోటీలకు ఆడపిల్లల ఖోఖో జట్టును తీసుకుపోవాలని ఆమె పట్టుదల. మా బడిలో అడిగితే మొదట తరగతి తరగతంతా చేతులెత్తింది, ఇళ్ళలో అడిగి రమ్మనేసరికి అయిదుగురం మిగిలాం. బాయి మధ్యాహ్నం బడిలోనూ ఆటలు చెప్పేది, అక్కడ నలుగురు మిగిలారు. జట్టుకు కావలసింది తొమ్మిది మంది. ఇంకేముంది, మునిసిపాలిటీ బడుల తరఫున ఒకే జట్టని పేర్లు పంపించేసింది. ఉదయం బడి విడిచాక మధ్యాహ్నం బడి మొదలయ్యే లోపు ఉన్న కాస్త సమయంలోనే మా సాధన. మేము ఆకలితో ఆడేవాళ్ళం, వాళ్ళు కడుపునిండా తిని వచ్చేవాళ్ళు, అదొక్కటే మొదట్లో మా ఫిర్యాదు.

ఖోఖోలో వరసగా కూర్చున్నవాళ్ళలో ఒకరి వీపు తట్టి "ఖో" అంటే వాళ్ళు లేచి తరమాలి, తట్టినవాళ్ళు ఆ జాగాలో కూర్చోవాలి. మేమేం చేసేవాళ్ళమంటే, తప్పించుకునే పిల్లకు దగ్గరలో మధ్యాహ్నం బడి పిల్ల కూర్చుని ఉన్నా సరే, మా బడి పిల్ల ఎక్కడ కూర్చుందో వెతుక్కుని అక్కడిదాకా పోయి ఆమెకే ఖో ఇచ్చేవాళ్ళం. వాళ్ళూ అంతే. ఒక వారం చూసి బాయికి ఒళ్ళు మండింది. మా అందరినీ కళ్ళు మూసుకుని కూర్చోమంది. ఎవరి చెయ్యి అని చూడొద్దు, వీపు మీద చెయ్యి పడిందా, లేచి పరుగెత్తడమే. అట్లా కళ్ళు మూసుకుని ఎన్నిసార్లు లేచామో, ఎన్నిసార్లు ఒకరి మీద ఒకరం పడ్డామో! పడినప్పుడు నవ్వొస్తుంది కదా. నవ్వాక మాట్లాడకుండా ఎట్లా ఉంటాం? కొన్నాళ్ళకు కళ్ళు మూసుకునే ఎవరి చెయ్యి ఎవరిదో చెప్పగలిగేవాళ్ళం. ధామన్‌కర్ నాకా కూడలిలో గాజులమ్మే ఆయన కూతురి చెయ్యి నాకు బాగా గుర్తు, రెండు వేళ్ళతో తేలిగ్గా తట్టేది. తప్పించుకోవడంలో ఆ పిల్లను మించినవాళ్ళు లేరు. పట్టుకున్నామనుకున్న క్షణంలో నడుము ఒక్కసారి మెలితిప్పి ఎటో పోయేది.

పోటీలు జిల్లా కేంద్రం థానాలో. అసలు చిక్కు అక్కడ వచ్చింది. మా బాపు వినగానే, "ఆడిపిల్ల థానా దాక పోయి ఉరుకుడేంది? గట్ల నడువది" అన్నాడు. అన్నం ముందు కూర్చుని నేను ఏడుపు మొదలుపెట్టాను. నూలు కండెలు చుట్టుకుంటూ మూలన కూర్చున్న నాయినమ్మ తలెత్తింది.

"ఈడ కండెలందిచ్చుకుంట సాంచాల నడుమ ఉరుకుతనే ఉన్నది గదరా! గాడ ఉరికితే ఏమైతది?"

"ఎవలెంబడి పంపాలె అవ్వా? నాకు కార్ఖాన ఉన్నదాయె."

"నేను లేనా? నేను పోత పిల్లెంబడి. నేను సుత థానా చూడలే."

అసలు సంగతి ఆ చివరి మాటలో ఉందని నాకు అప్పుడే అనుమానం. భివండికి వచ్చాక మా నాయినమ్మ ఆ గల్లీ దాటి పోయిన సందర్భాలు తక్కువ. తల్లి మాట బాపు తీసెయ్యలేకపోయాడు. అటు గాజులాయన కూడా, ఎవరైనా పెద్దామె తోడుంటేనే తన బిడ్డను పంపుతానన్నాడట. మా నాయినమ్మ వస్తున్నదని తెలిసి, సరే అని, తన భార్యను కూడా తోడిచ్చి పంపాడు.

ఆ సర్కారు ఎస్టీ బస్సు ప్రయాణం నేను చచ్చేదాకా మరిచిపోను. నాయినమ్మా, బుర్ఖా వేసుకున్న గాజులాయన భార్యా ఒకే సీటులో కూర్చున్నారు. వాళ్ళది ఉత్తరాది నుంచి వచ్చిన కుటుంబం, నాజూకైన ఉర్దూ. మా నాయినమ్మ నైజాం రోజుల్లో పెరిగింది కాబట్టి తనకు ఉర్దూ బాగా వచ్చని ఆమె నమ్మకం. ఆవిడ నాన్‌ఖటాయి బిస్కట్లు తీసి పెట్టగానే మా నాయినమ్మ, "నక్కో నక్కో, పేట్ భర్కే ఖాకే ఆయీ" అంది, వద్దొద్దు, కడుపునిండా తినొచ్చానని. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అమ్మాజీ, యే కౌన్‌సీ ఉర్దూ హై?" అని, ఇదెక్కడి ఉర్దూ అన్నట్టు నవ్వడం మొదలుపెట్టింది. "హమారే నైజాం కీ ఉర్దూ! తుమ్‌నా నై ఆతీ క్యా?" అని, తమ నైజాం ఉర్దూ నీకు రాదా అన్నట్టు నాయినమ్మ దర్జాగా ఎదురడిగింది. థానా వచ్చేదాకా ఆవిడ కావాలని ఏదో ఒకటి అడగడం, నాయినమ్మ జవాబు చెప్పడం, బస్సంతా నవ్వడం. వద్దన్న బిస్కట్లన్నీ నాయినమ్మే తిన్నది. మూట విప్పి తను తెచ్చిన సర్వపిండి రొట్టెలు ఆవిడకు తినిపించింది.

ఆటస్థలమంటే మేము చూసింది మా బడి వాకిలి, దాని దుమ్ము. అక్కడ పెద్ద మైదానం, సున్నంతో గీసిన గీతలు, గట్టిగా నాటిన గుంజలు, ఒకే రంగు నిక్కర్లు వేసుకున్న జట్లు. మేము మాత్రం కొందరం బడి గౌన్లలో, కొందరం సల్వార్లలో ఉన్నాం. మమ్మల్ని చూసి పక్కజట్టు పిల్లలు గుసగుసలాడుకున్నారు. బాయి వచ్చి, ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని కూర్చున్నామనుకొమ్మంది. అంతే, ఆట మొదలయ్యాక ఇంకేదీ కనిపించలేదు. మొదటి ఆట గెలిచాం, రెండోదీ గెలిచాం. ఫైనల్లో ఎదురుపడినవాళ్ళు ఏటా గెలిచే జట్టు. మాలో అందరూ అవుటైపోయాక గాజులాయన కూతురు ఒక్కతే మిగిలి, ఈల మోగేదాకా దొరకకుండా ఆ గుంజకూ ఈ గుంజకూ మధ్య మెలికలు తిరిగిందే, అది చూసి ఆ జట్టు తాలూకు జనం కూడా చప్పట్లు కొట్టారు. తరమడం మా వంతు వచ్చినప్పుడు నేను ముందుకు దూకి ఒక పిల్ల మడమ అందుకున్నాను, మోకాలు చీరుకుపోయింది. అయినా కొద్దిలో ఓడిపోయాం. రెండో స్థానం. కప్పు చిన్నదే గాని కప్పే! నాయినమ్మ తన కొంగు చింపి నా మోకాలికి కట్టింది. గాజులాయన భార్య నా తల నిమిరి నోట్లో బిస్కట్టు పెట్టింది.

మర్నాడు ప్రార్థన వేళకు హెడ్మాస్టరు గారు మా ఇళ్ళ పెద్దలను పిలిపించారు. బాపు కార్ఖానాకు పోవడంతో నాయినమ్మే ఉతికిన చీర కట్టుకుని వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. హెడ్మాస్టరు గారు చాలా కఠినమైన మనిషి, ఆయన గొంతు వింటేనే మాకు హడలు. ఆయన కప్పును ఎత్తి చూపించి, మన బడికి పేరు తెచ్చారంటూ మా అయిదుగురి పేర్లూ చదివారు. చప్పట్లు ఆగీ ఆగకముందే నాయినమ్మ లేచి నిలబడింది.

"సారూ, గా మిగిలిన పిల్లలేరి?"

"వాళ్ళు మధ్యాహ్నం బడి పిల్లలవ్వా. వాళ్ళ పేర్లు వాళ్ళ సారు చదువుతారు."

"గట్లెట్లయితది సారూ? ఉరికినప్పుడు అందరు కలిసే ఉరికిండ్రు, నేను కండ్లార చూసిన. గా గాజులాయన బిడ్డ లేకుంటె ఈ కప్పు వస్తుండెనా? నా మనుమరాలినే అడుగుండ్రి."

బడంతా నా వైపు తిరిగింది. హెడ్మాస్టరు గారి కళ్ళు నా మీద పడ్డాయి. నాయినమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. కాని అబద్ధం ఎట్లా చెప్పను? "వచ్చేది కాదు సార్" అన్నాను. సాంచాల మధ్య పెరిగిన గొంతు కదా, మెల్లగా అన్నాననుకున్నది వాకిలంతా వినబడింది. ఆయన కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ పూటంతా నాకు ఒక్క పాఠం తలకెక్కలేదు.

బడి విడిచే గంట కొట్టాక ఎవరూ కదలొద్దని కబురొచ్చింది. చూస్తే హెడ్మాస్టరు గారు గేటు దగ్గర నిలబడి, అప్పుడే వస్తున్న ఉర్దూ బడి హెడ్మాస్టరు గారితో మాట్లాడుతున్నారు. ఆ ఇద్దరూ ఒకే గదిలో, ఒకే కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళే గాని తాళంచెవులు ఇచ్చి పుచ్చుకోవడం తప్ప మాట్లాడుకోగా మేము చూడలేదు. రెండు బడుల పిల్లలనూ వాకిట్లో నిలబెట్టి, మా తొమ్మిది మందినీ మెట్ల మీదికి పిలిచి, మా పేర్లు ఉర్దూ బడి సారూ, వాళ్ళ పేర్లు మా సారూ చదివారు. పలకలేక తడబడినప్పుడల్లా పిల్లలు గొల్లుమన్నారు, చివరికి వాళ్ళిద్దరూ కూడా నవ్వేశారు. అంత మంది చప్పట్లు ఒకేసారి ఆ వాకిట్లో అదివరకు వినలేదు. గేటు అవతల తల నిండా దూది పొట్టుతో మా బాపు నిలబడి ఉన్నాడు, అన్నం వేళకు కార్ఖానా నుంచి వస్తూ ఆగినట్టున్నాడు. ఇంటికి పోతున్నప్పుడు, "మల్ల ఎప్పుడున్నది ఆట?" అని మాత్రం అడిగాడు.

తర్వాత రెండేళ్ళు ఆడాం. బాయికి బదిలీ అయింది, మాకు పెళ్ళిళ్ళయ్యాయి, మా ఇంట్లోనూ సొంత సాంచాలు వచ్చాయి. గాజులాయన కూతురు మాలెగాంలో ఉంటోంది. పండగలకు ఫోను చేసుకుంటే ఇద్దరం మోకాళ్ళ నొప్పుల గురించే మాట్లాడుకుంటాం. ఇప్పుడు మా వీధి పిల్లల్లో తెలుగు చదివేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది, నా మనవలు కూడా ఇంగ్లీషు బడికే పోతున్నారు. దానికి నాకు పెద్దగా దిగులు లేదు. బూట్లు వేసుకుని, పెద్దల అనుమతి కోసం ఏడవకుండా ఆడుకునే ఆడపిల్లలను చూస్తే కడుపు నిండుతుంది.

ఒక్కటి మాత్రం ఈ పిల్లలకు తక్కువైందనిపిస్తుంది. వాళ్ళు మైదానం దాటకముందే ఫోటో ఊరంతా చేరిపోతోంది, ఇంటికొచ్చేసరికి అందరికీ అంతా తెలిసే ఉంటోంది, ఇంక చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? మేము థానా నుంచి తిరిగొచ్చిన సాయంత్రం గెలుపోటముల కబురు మాతోనే బస్సు దిగింది. నాయినమ్మ కప్పును చంకలో పెట్టుకుని, మా గల్లీలో ప్రతి గడప ముందూ ఆగి, ఆటంతా మొదటి నుంచి చెప్పుకొచ్చింది. చెప్పిన ప్రతి ఇంటి దగ్గరా మేము ఇంకాస్త వేగంగా ఉరికాం, ఎదుటివాళ్ళు ఇంకాస్త అలిసిపోయారు. గల్లీ చివరి ఇంటికి చేరేసరికి మాకు దాదాపు మొదటి స్థానమే వచ్చేసింది.